మకాక్ కోతులు నేలకు దిగే చోట్లు: ఎక్కడికి వెళ్తే ఏం చూడగలం

అడవిలో బతికే మకాక్ కోతి రోజులో ఎంతసేపు నేల మీద ఉంటుందని ఎవరైనా అడిగితే, ఏ మకాక్, ఏ అడవి అని ముందు తేల్చుకోవలసి ఉంటుంది. ఈ ప్రజాతిలో ఇరవైకి పైగా జాతులున్నాయి. మొరాకో దేవదారు అడవుల నుంచి జపాన్ మంచుకొండల దాకా వ్యాపించిన ఈ జాతుల్లో కొన్ని పగటివేళ అధికభాగం నేల మీదే తిరుగుతాయి, కొన్ని నేలకు కాలు మోపడమే అరుదు. రాత్రి నిద్రకు మాత్రం దాదాపు అన్నీ చెట్లనో నిటారు కొండచరియలనో ఆశ్రయిస్తాయి కనుక, లెక్కలోకి వచ్చేది పగలే. ఈ తేడాను కళ్ళారా చూడాలని చేసిన యాత్రలలో ప్రతి చోటునూ నేను ప్రధానంగా ఒక్క ప్రశ్నతోనే తూచాను: ఇక్కడి కోతులు తమంతట తాముగా దిగుతున్నాయా, మనిషి కారణంగా దిగుతున్నాయా?

ఈ ప్రశ్నకు అన్నిటికంటే స్పష్టమైన సమాధానం ఇచ్చిన చోటు ఇండోనేషియాలోని ఉత్తర సులవేసిలో, బీటుంగ్ పట్టణానికి సమీపాన ఉన్న తాంగ్‌కోకో అభయారణ్యం. తలపై జుట్టు నిక్కబొడుచుకుని ఉండే నల్ల మకాక్ ఇక్కడి కోతి. తీవ్రంగా అంతరించిపోతున్న జాతిగా నమోదైన ఈ కోతి పగటి సమయంలో సుమారు 60 శాతం నేల మీదే గడుపుతుందని పరిశోధకులు లెక్కగట్టారు. రాలిన పండ్లు ఏరుకుంటూ, ఎండుటాకులు తిరగేసి పురుగులను వెదుకుతూ, నేల మీదే కూర్చుని ఒకదానికొకటి పేలు చూసుకుంటూ గుంపు మొత్తం మెల్లగా సాగిపోతుంటే, వెనకాలే నడిచే మనిషికి తల పైకెత్తే అవసరమే రాదు. సులవేసిలో పులి, చిరుతపులి వంటి పెద్ద పిల్లిజాతి జంతువులు సహజంగా లేవు. కోతి భయపడవలసిన ముఖ్య శత్రువు కొండచిలువ. నేల మీద ఇంత నిబ్బరంగా గడపడానికి ఇది ఒక బలమైన కారణమని నాకు అనిపించింది. కొమ్మల మీద తూకం నిలపడానికి పనికొచ్చే తోక కూడా దీనికి బొటనవేలంత మొండి ముక్క మాత్రమే.

బసకు అడవి అంచున బాతుపుతిహ్ గ్రామంలోని ఇళ్ళే మేలు. గదులు సాదావే అయినా, తెల్లవారకముందే అడవిలో అడుగుపెట్టడం ఇక్కడ ఉంటేనే సాధ్యం. మనాడో నగరంలో హాయిగా ఉండి ఉదయం బయలుదేరితే, కోతులు చెట్లు దిగే వేళ దారిలోనే గడిచిపోతుంది. లోపలికి గైడుతోనే వెళ్ళాలి. గుంపు ముందురోజు సాయంత్రం ఏ వైపు పడుకుందో తెలిసిన గైడు దొరికితే, వెదుకులాటకు పోయే సమయమంతా చూడటానికి మిగులుతుంది. పొదల్లో చర్మాన్ని పట్టి దురద పెట్టే సూక్ష్మమైన పురుగులు ఉంటాయి కాబట్టి పొడవాటి సాక్సులు, నిండు చేతుల చొక్కా తప్పనిసరి.

చూసినదాన్ని లెక్కగా మార్చాలనుకునేవారు పరిశోధకుల పద్ధతినే అనుసరించవచ్చు. జంతువుల ప్రవర్తనను నమోదు చేసే పద్ధతులను శాస్త్రవేత్త జీన్ ఆల్ట్‌మన్ 1974లో సమగ్రంగా విశ్లేషించారు. వాటిలో ఒకటి, నిర్ణీత వ్యవధికొకసారి, ఉదాహరణకు పది పదిహేను నిమిషాలకొకసారి, కనిపించే ప్రతి కోతీ ఆ క్షణాన నేల మీద ఉందా, చెట్టు మీద ఉందా అని రాసుకోవడం. ఇందులో ఒక చిక్కు ఉంది. దట్టమైన ఆకుల్లో ఉన్న కోతి కంటపడదు, దారి మీద కూర్చున్నది వెంటనే కంటపడుతుంది. అందువల్ల రోడ్డు మీంచి చూసేవారి లెక్కలో నేల వాటా ఉన్నదానికంటే ఎక్కువగా తేలుతుంది.

తాంగ్‌కోకో నల్ల మకాక్‌కు పూర్తిగా ఎదురుచివర ఉన్న మకాక్ జాతి పశ్చిమ కనుమల సింహపుతోక కోతి. కేరళలోని సైలెంట్ వ్యాలీని 1984లో జాతీయ ఉద్యానంగా ప్రకటించడం వెనుక, అక్కడ ఆనకట్ట కట్టకూడదంటూ నడిచిన సుదీర్ఘ పోరాటానికి ఈ కోతి ఒక గుర్తుగా నిలిచింది. చెదరని అడవిలో ఇది చిటారు కొమ్మల మీదే తిని, అక్కడే తిరిగి, అక్కడే నిద్రపోతుంది. చిరుతపులులు, రేచుకుక్కలు తిరిగే అడవి కూడా ఇదే. ఉద్యానానికి ప్రవేశ స్థలమైన ముక్కాలి నుంచి అడవి లోపలి సైరంధ్రి దాకా సుమారు 23 కిలోమీటర్లు అనుమతి పొందిన వాహనంలో, గైడుతోపాటు వెళ్ళాలి. ఏర్పాటు క్రమబద్ధంగా ఉంది, అడవికి మేలు చేసేదే. కానీ ఆగి చూసే సమయం తక్కువ, కోతులు కనబడతాయన్న హామీ లేదు. ముక్కాలిలోనే బసచేసి తొలి వాహనం పట్టుకోవడం మంచిది.

జపాన్‌లోని నగానో ప్రాంతంలో 1964లో ప్రారంభమైన జిగొకుదాని ఉద్యానానికి సౌకర్యాల విషయంలో సాటి లేదు. యుదానక, షిబు ఊళ్ళలో చక్కటి బసలు, గుర్తులు స్పష్టంగా ఉన్న అటవీమార్గం, మర్యాదగా నియమాలు చెప్పే సిబ్బంది ఉన్నారు. అయితే సిబ్బంది వేసే గింజల కోసం కొండ దిగివచ్చి సాయంత్రం అడవికి తిరిగిపోయే కోతులివి. వాటి ముఖాలను, పిల్లల పెంపకాన్ని దగ్గరగా చూడటానికి ఇది గొప్ప చోటు. నేల మీద గడిపే సమయం గురించి మాత్రం ఇక్కడ చూసినదాన్ని బట్టి ఏమీ నిర్ణయించకూడదు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది తమిళనాడులోని వాల్పారై. ఆళియార్ నుంచి నలభై మలుపుల ఘాట్ రోడ్డు ఎక్కితే వచ్చే ఈ పీఠభూమిలో తేయాకు తోటల మధ్య అడవి ముక్కలుగా మిగిలింది. అలాంటి ముక్కల్లో ఒకటైన పుతుతోట్టంలో, సైలెంట్ వ్యాలీలో నేల ముట్టని అదే సింహపుతోక కోతి రోడ్డు దాటుతుంది, చెత్త వెదుకుతుంది, ఇళ్ళ కప్పులపైకి వస్తుంది. కొమ్మకూ కొమ్మకూ మధ్య ఖాళీ ఏర్పడితే దిగక దానికి వేరే దారి లేదు. రోడ్డుకు అడ్డంగా, చెట్లను కలుపుతూ నేచర్ కన్సర్వేషన్ ఫౌండేషన్ అనే పరిరక్షణ సంస్థ కట్టించిన వేలాడే వంతెనల మీదుగా కొన్ని దాటడం, వాహనాలను నెమ్మదింపజేసే కాపలాదారుల ఓపిక చూశాను. ఇక్కడ దూరం నుంచి తీరికగా గమనించడం సులువు. బసను ఎంచుకునేటప్పుడు చెత్తబుట్టలకు గట్టి మూతలున్నాయా, అతిథులు కోతులకు తిండి వేయకుండా ఆపుతున్నారా అని అడగండి. నేను దిగిన ఒక చోట ఫొటోల కోసం అరటిపండ్లు విసిరేవారిని ఎవరూ వారించలేదు. కాస్త దూరమైనా, తిండి వేయనివ్వని మరో బసకు మర్నాడే మారాను.