పాటల ఓడ ఎక్కిన మా నెల్లూరు బ్యాచ్: ఏది వర్త్, ఏది దండగ

ముందే ఒక మాట, క్యాబిన్ మీద డబ్బులు తగలెయ్యబాకండి. చెన్నై నుంచి శ్రీలంక పోయొచ్చే ఓడలో పాత పాటల థీమ్ క్రూజ్ అని ఒక ఈవెంట్ వాళ్ళు ప్యాకేజీ పెడితే మేం పోయొచ్చాం, నేను, మా ఆవిడ, కందుకూరు నుంచి అక్కా బావా, ఇందుకూరుపేట పెద్దమ్మ, ఇంకా మా బాలు బ్యాచ్ వాళ్ళు కొందరు. బాలు బ్యాచ్ అంటే ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారి అభిమానులం, పెద్ద సంఘం ఏం కాదు, ఆదివారం సాయంత్రం ఎవరో ఒకరి మిద్దె మీద కరోకీ పెట్టుకోని పక్కింటోళ్ళ ప్రాణం తీసే గుంపు, అంతే. మాలో సగం మందికి గొంతు లేదు, పిచ్చి మాత్రం అందరికీ ఉంది. వచ్చినకాడి నుంచి ఎట్టా ఉంది, అంత పెట్టొచ్చా అని అడుగుతానే ఉండారు, ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పలేక కూర్చుని రాస్తున్నా.

పోవడం సంగతి. నెల్లూరు నుంచి చెన్నై దాదాపు 175 కిలోమీటర్లు, రైల్లో పోతే హాయి, మాలో కొందరు పినాకినిలో పోయారు. మేం కారు మాట్లాడుకున్నాం, ఎందుకంటే పెద్దమ్మకి మెట్లు ఎక్కి దిగడం కష్టం, రెండోది దారిలో రెడ్‌హిల్స్ కంటే ముందే పక్కకి తిరిగితే తామరైపాక్కం పోవచ్చు, బాలు గారిని 2020 సెప్టెంబర్లో ఖననం చేసిన ఫామ్‌హౌస్ అక్కడే. దండం పెట్టుకోని వచ్చాం. అసలు బాలు అభిమానులకి నెల్లూర్లోనే తిప్పరాజువారి వీధి ఉంది కదా, వాళ్ళ సొంతిల్లు, పోయే ముందు అదే ఏడాది ఫిబ్రవరిలో కంచి పీఠానికి వేద పాఠశాల కోసం ఇచ్చేశారు, నాన్నగారు సాంబమూర్తి గారు హరికథలు చెప్పిన ఊరు ఇది. మన ఊళ్ళో సంగీత నృత్య పాఠశాలకి కూడా ఇప్పుడు ఆయన పేరే. ఇవన్నీ పైసా ఖర్చు లేకుండా చూసే చోట్లు, మనోళ్ళు చాలామంది ఆ వీధిలో రోజూ తిరుగుతా కూడా తలెత్తి చూడరు. రైల్లో పోయినోళ్ళు సూళ్లూరుపేట దాటేటప్పుడు ఆత్రేయని తలుచుకున్నారంట, ఆయన ఊరు మంగళంపాడు అక్కడికి దగ్గరే. సూళ్లూరుపేట ఇప్పుడు తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ, ఆత్రేయని మాత్రం మేం ఇచ్చేది లేదు.

ముందు రోజు రాత్రి చెన్నైలో ఉండాల్సిన పని లేదు, పొద్దున్నే బయల్దేరినా అందుకోవచ్చు. మేం పెద్దమ్మ కోసం పోర్టుకి దగ్గరగా ఒక లాడ్జిలో దిగాం, ఫొటోల్లో చూపించిన గది ఒకటి, ఇచ్చిన గది ఒకటి, బాత్రూంలో గీజర్ స్విచ్ ముట్టుకుంటే జిల్లుమనింది. ఎగ్మోర్ వైపు ఉండి పొద్దున ఆటోలో రావడమే నయం. పోర్టులో లగేజీ స్కానింగు, ఇమిగ్రేషను, లైన్లు, ఇదంతా సగం పూట తినేస్తుంది, మంచినీళ్ళు చేతిలో పెట్టుకోండి. పెద్దవాళ్ళకి వీల్‌చైర్ ముందే చెప్పుంచితే మాత్రం లైను లేకుండా తీసుకుపోయారు, ఆ విషయంలో వంక పెట్టేది లేదు. ఎక్కంగానే అందరికీ సేఫ్టీ డ్రిల్ ఉంటుంది, 2012లో ఇటలీ దగ్గర కోస్టా కాంకోర్డియా ఒరిగిపోయినాక ఓడ కదలక ముందే ఇది చేయించాలని గట్టిగా పట్టుకున్నారు. మా బావ విసుక్కున్నాడు గానీ అదొక్కటీ ఎగ్గొట్టబాకండి.

ఇప్పుడు క్యాబిన్లు. మేం కిటికీ కూడా లేని లోపలి గది తీసుకున్నాం, అక్కావాళ్ళు బాల్కనీ గది, డబ్బు దాదాపు రెట్టింపు. బావ ఆ బాల్కనీలో కూర్చున్నది మొదటి సాయంత్రం చెన్నై లైట్లు కనపడేంతవరకే, ఆ తర్వాత అందరం రాత్రి రెండు దాకా బయటే. కిటికీ లేకపోతే ఊపిరాడదేమో అని మా ఆవిడ భయపడింది గానీ ఏసీ బాగానే ఉంది, లైటు తీస్తే పగలో రాత్రో తెలవదు అంతే. కింద డెక్కులో, ఓడ మధ్యలో గది అడిగి తీసుకోండి, ఊపు తక్కువ. మాది అట్టాంటిదే, పడుకుంటే ఎక్కడో కింద నుంచి ఇంజిన్ ఒకే శ్రుతిలో తంబూరా వేసినట్టు మోగుతా ఉంటుంది, మా బ్యాచ్‌లో కీబోర్డు వాయించే అబ్బాయి ఫోన్లో ట్యూనర్ పెట్టి చూసి ఇది బి ఫ్లాట్ అబ్బయ్యా అని తేల్చాడు, ఇంక ఆ రాత్రి మాకు నిద్ర ఏడుంది, ఆ శ్రుతికి సరిపోయే పాటలు ఏరుకుంటా కూర్చున్నాం.

అసలు విషయానికి వస్తే, పాటలు. ప్యాకేజీలో లైవ్ ఆర్కెస్ట్రా అని పెద్దక్షరాలతో వేశారు. మొదటి రాత్రి మెయిన్ షో ఓడ ముందు భాగంలో ఉండే ఆడిటోరియంలో, సీట్లు బ్రహ్మాండం, సౌండ్ బ్రహ్మాండం, తీరా చూస్తే సగం పాటలు ముందే రికార్డు చేసిన ట్రాక్ వేసి పాడేశారు. స్టేజి మీద వయొలిన్ వాళ్ళు ముగ్గురే ఉండారు, వినపడేది ముప్పై మంది. కరోకీ మేం మిద్దె మీద రోజూ చేసేదే కదా, దానికి ఓడెందుకు? బావ అయితే సగంలో లేచి, ఇంత దూరం వచ్చి మైనస్ వన్ వినాల్నా అని బయటికి పోయాడు. ఈవెంట్ వాళ్ళని అడిగితే మిగతా వాద్యాల వాళ్ళు రాలేకపోయారని ఒకరు, రేపు ఫుల్ ఆర్కెస్ట్రా అని ఇంకొకరు చెప్పారు.

రెండో రోజు పగలు మాత్రం ఎవరూ చెప్పని ఒక మంచి సంగతి దొరికింది. మధ్యాహ్నం ఖాళీగా ఉన్న లాంజ్‌లో ఆర్కెస్ట్రా వాళ్ళు రిహార్సల్ చేసుకుంటా ఉంటే తలుపు తీసే ఉంది, మేం పోయి వెనక కూర్చున్నాం, ఎవరూ పొమ్మనలేదు. పెద్దాయన గాయకుడికి ఏసీకి గొంతు పట్టేసింది, ఒక డ్యూయెట్ పల్లవి పైకి పోయేకాడ రెండుసార్లు ఆగిపోయి, అర శ్రుతి దించు నాయనా అన్నాడు. వాళ్ళ కీబోర్డు అబ్బాయి ఒక బటన్ నొక్కాడు, వాడికి అయిపోయింది. ఫ్లూట్ ఆయనకి అట్టా కుదరదు కదా, ఒళ్ళో ఉన్న గుడ్డ సంచి విప్పి అందులో పొడుగూ పొట్టీ ఫ్లూట్లు పది దాకా ఉంటే వేలితో తడుముకుంటా ఒకటి తీసి, ఊది చూసి, కాదని పెట్టేసి, కొంచెం పొడుగుది తీసుకున్నాడు. గాయని మాత్రం ఇప్పుడు నాకు కిందకి పోయింది సార్ అని మొహం పెట్టింది, ఆడ మగ ఒకే శ్రుతిలో పాడాలి గదా, ఒకరికి సుఖమైతే ఇంకొకరికి ఇబ్బంది. చివరికి పెద్దాయన ఊపిరి తీసుకునే చోట తబలా అతను ఒక చిన్న తిప్పు ఎక్కువ వాయించి ఆయన కోసం ఆగాడు, పల్లవి అందింది. ఇదే నేను చెప్పేది, ఆర్కెస్ట్రా మనిషి కోసం ఆగుద్ది, ట్రాక్ ఆగదు. టికెట్ డబ్బులు నాకు ఆ లాంజ్‌లోనే గిట్టుబాటు అయినాయి.

ఆ సాయంత్రం స్విమ్మింగ్ పూల్ పక్కన ఓపెన్ డెక్ మీద షో. దీని గురించి మిశ్రమంగానే చెప్పాలి. ఆకాశం, సముద్రం, ఇళయరాజా పాటలు, అంతా బాగుంది కానీ గాలికి మైకులు బుస్సుమంటాయి, ముందు వరసలో కూర్చున్నోళ్ళకి గాలి చప్పుడు, పూల్ వైపు కూర్చున్నోళ్ళకి పిల్లల చప్పుడు. బార్ గోడని ఆనుకోని, గాలి తగలని వైపు కుర్చీ వేసుకుంటే చక్కగా వినపడింది, అది కనిపెట్టేసరికి సగం అయిపోయింది. సముద్రపు తేమకి తబలా తోలు జారిపోతా ఉంటే పాపం అతను ప్రతి పాటకీ మధ్యలో చిన్న సుత్తి తీసి అంచు చుట్టూ కొట్టుకుంటా, పక్క చెక్క దిమ్మల్ని కిందకి దించుకుంటా ఉండాడు, రెండు పాటలు పోంగానే మళ్ళీ జారడం. దాని తర్వాత డీజే అని పెట్టారు చూడండి, పాత పాటల క్రూజ్‌కి వచ్చిన అరవై దాటినోళ్ళకి డీజే ఏందో ఆ బుర్రలకే తెలవాల.

ట్రింకోమలీలో దిగాం. కోణేశ్వరం గుడి కొండ అంచున, కింద సముద్రం, పక్కనే రావణుడు కత్తితో నరికాడని చెప్పే చీలిక. పాత గుడిని 1620ల్లో పోర్చుగీసు వాళ్ళు కూలగొట్టి ఆ రాళ్ళతో కోట కట్టుకున్నారు, ఇప్పుడు ఆ కోటలో జింకలు తిరుగుతా ఉంటాయి, మనుషుల్ని చూసి బెదరవు. ఓడ వాళ్ళు అమ్మే టూర్ తీసుకోబాకండి, పోర్టు బయటే త్రీవీలర్లు ఉంటాయి, తమిళం నాలుగు ముక్కలు వస్తే చాలు, మన నెల్లూరోళ్ళకి రాకుండా ఎట్టా ఉంటుంది. టైముకి ఓడ దగ్గరికి రావడం మాత్రం మన బాధ్యత, ఓడ మన కోసం ఆగదు.

పెద్దమ్మకి గుడి కంటే కూడా సిలోన్, అదే శ్రీలంక, నేల మీద కాలు పెట్టడమే పెద్ద విషయం. 1952లో కేస్కర్ గారు కేంద్ర సమాచార ప్రసార మంత్రిగా వచ్చి ఆకాశవాణిలో సినిమా పాటలు లేకుండా చేస్తే దేశమంతా రేడియో సిలోన్ వైపు తిరిగింది, 1957లో వివిధభారతి పెట్టినాక కూడా మన సముద్రపు ఒడ్డు ఊళ్ళల్లో సిలోన్ పిచ్చి పోలేదు. మీనాక్షి పొన్నుదురై గారి తెలుగు అనౌన్స్‌మెంట్ విననిదే పెద్దమ్మకి అన్నం దిగేది కాదంట, ఇందుకూరుపేటలో మర్ఫీ రేడియోకి వైరు లాగి కొబ్బరిచెట్టుకి కట్టినారంట. షార్ట్‌వేవ్ కదా, పాట దగ్గరికి వచ్చి దూరం పోయేది, ఆ పోయినప్పుడు వినపడని మాటలు తర్వాత రోజు విని అతికించుకునేవాళ్ళు. త్రీవీలర్ అబ్బాయికి ఇదంతా తమిళంలో చెప్పమని నన్ను వేధించింది, చెప్పాను, వాడికి రేడియో అంటే ఫోన్లో యాప్ అనుకుంటా ఉండాడు.

ఆ రాత్రి షో అయినాక వెనక డెక్కులో ఆర్కెస్ట్రా వాళ్ళు టీ తాగతా కూర్చుంటే మేమూ చేరాం, మైకు లేదు, స్టేజి లేదు, ఒక హార్మోనియం, ఫ్లూట్ ఆయన సంచి. ఓడలో గొప్ప ఏందంటే షో అయిపోయినాక పాడేవాళ్ళు కారెక్కి పోలేరు, వినేవాళ్ళూ పోలేరు. గాయని ఒక ఆత్రేయ పాట ఎత్తుకుని రెండో చరణం దగ్గర మొదటి చరణమే మళ్ళీ పాడేసింది, అందరం బాగుంది బాగుంది అన్నాం, పెద్దమ్మ మాత్రం శాలువా కప్పుకుని కూర్చున్నకాడి నుంచే, అమ్మాయ్ అది కాదు అనింది. ఆ అమ్మాయి లేచి వచ్చి పక్కన కూర్చుని, చెప్పమ్మా రాసుకుంటా అని ఫోన్ తీసింది. పెద్దమ్మ పాడలేదు, మాట మాట విడదీసి చెప్పింది, మధ్యలో ఒక చోట ఇక్కడ నాకూ సరిగ్గా తెలవదు, ఆ రోజు సిగ్నల్ పోయింది అని కూడా చెప్పింది. పెద్దాయన గాయకుడు ఆ ఖాళీ నింపాడు. రెండు దాటిందాకా అట్టానే సాగింది, టీ పోసే అబ్బాయి కూడా పోలేదు.

తిండి గురించి నెల్లూరు మనిషిగా చెప్పాల్సిందే. చుట్టూ సముద్రం పెట్టుకోని మంచినీటి చేప బాసా ఫిల్లెట్ పెట్టారు అయ్యా. సాంబారు తీపి, చట్నీల్లో కారం లేదు, శాకాహారం వాళ్ళకి మాత్రం రకాలు చాలా ఉండాయి, జైన్ కౌంటర్ కూడా వేరేగా ఉంది. అక్క తెచ్చిన గోంగూర పచ్చడి స్కానింగులోనే తీసేసుకున్నారు, బయట తిండి లోపలికి రానీరు. కారంపొడి చిన్న పొట్లం ఎట్టా దాటిందో దాటింది, దాంతోనే గడిపాం. పొద్దున టిఫిన్ అన్నిటికంటే నయం, దోశ వేసే ఆయన తిరుత్తణి వైపు మనిషి, తెలుగు వచ్చు, కారం దోశ ఎట్టా వెయ్యాలో బావ ఆయనకి పక్కన నిలబడి నేర్పించాడు.

లోపల డబ్బు నడవదు, రూమ్ కార్డు మీదే అన్నీ రాసుకుంటారు, అందుకే ఎంత అయిందో తెలవదు, రోజూ రాత్రి కౌంటర్లో బిల్లు అడిగి చూసుకోండి. మాకు తాగని సోడాలు రాశారు, అడిగితే తీసేశారు. ఫోన్ సిగ్నల్ తీరం దాటిన గంటకే పోతుంది, వైఫై రేటు చూసి మేం కొనలేదు, అదీ ఒకందుకు మంచిదే, వీడియోలు తియ్యడం తగ్గించి పాట విన్నారు జనం. కాసినో మన దేశం జలాలు, అంటే తీరం నుంచి దాదాపు 22 కిలోమీటర్లు, దాటినాకే తెరుస్తారు, దానికి మాకూ సంబంధం లేదు. గది శుభ్రం చేసే వాళ్ళు, వీల్‌చైర్ తోసిన కుర్రోళ్ళు, వీళ్ళకి మాత్రం పదికి పది. ఓడ ఊగితే వాంతుల మాత్ర ముందే వేసుకోవాలి, మొదలైనాక వేసుకుంటే లాభం లేదు, మా కీబోర్డు అబ్బాయిని అడగండి చెప్తాడు.

మళ్ళీ పోతామా అంటే, పోతాం, కానీ బుక్ చేసే ముందు వాద్యాల వాళ్ళు ఎంతమంది వస్తున్నారు, ఎన్ని పాటలు లైవ్, రిహార్సల్ చూడనిస్తారా అని రాతపూర్వకంగా అడిగి తీసుకుంటాం. లోపలి గదే. దిగినాక ఈవెంట్ వాళ్ళు ఫీడ్‌బ్యాక్ ఫారం పంపారు, చుక్కలు పెట్టమని. ఆడిటోరియానికి రెండు, పూల్ డెక్కుకి మూడు పెట్టాను, రాత్రి టీ దగ్గర పాటలకి పెడదామంటే ఆ గడే లేదు, కింద ఇతర సూచనలు అన్నకాడ రాశాను. ట్రాక్ సంగతీ అక్కడే రాశాను, కొంచెం పొడుగ్గానే. ఇంకా జవాబు రాలేదు.