మొక్కల కోసం వెళ్ళండి, ఆ రంగు గాజు చేపలు మాత్రం కొనకండి

పర్లాకిమిడి నుంచి పని మీద బరంపురం వెళ్ళినప్పుడల్లా ఈ అక్వేరియం షాపులో అరగంట గడుపుతాను, పేరెందుకులెండి. మొక్కలు బాగుంటాయి, వాటితో నత్తలు అంటుకుని రావు, స్పాంజి ఫిల్టరు ఎలా కడగాలో (తొట్టిలోంచి తీసిన నీళ్ళతోనే, కుళాయి కింద కాదు) షాపాయన ఓపిగ్గా చెప్తాడు. ఈసారి మా పాప పోయి పోయి గాజు చేపల (ఒళ్ళు గాజులా పారదర్శకంగా ఉండే చిన్న చేపలు) తొట్టి ముందు నిలబడింది. ఒంటి మీద గులాబీ, నీలం గీతలు, లైటు కింద ధగధగలాడిపోతున్నాయి. "పుట్టుకతోనే ఈ రంగు సార్, ఇంపోర్టెడ్" అన్నాడు. జత 120.

ఫోన్ లైటు వేసి చూశాను. గాజు చేపకి వెన్నుముల్లు కూడా బయటికే కనిపిస్తుంది కదా, అందుకని మోసం దాగదు. రంగు పైన లేదు, వీపు వెంబడి లోపల ఇంకు కారినట్టు ముద్దగా ఉంది, ఎడమ పక్క ఒకలా, కుడి పక్క ఇంకోలా. అది సూదితో ఎక్కించిన రంగు. వేలెడంత లేని చేపని ఒకచోట కాదు, చాలా చోట్ల పొడుస్తారు. అలా పొడిచినవాటికి లింఫోసిస్టిస్ అనే వైరస్ జబ్బు ఎక్కువగా పట్టుకుంటుంది, ఆ రంగేమో కొన్ని నెలల్లో వెలిసిపోతుంది. పైగా ఇంపోర్టెడ్ ఏమిటి, మన దేశంలో చెరువుల్లో, కాలవల్లో ఉండే చేపే! బ్రిటన్‌లో ప్రాక్టికల్ ఫిష్‌కీపింగ్ పత్రిక వీటిని అమ్మొద్దని 1996లోనే ప్రచారం మొదలుపెట్టింది.

"మరి గ్లోఫిష్ సంగతేంటి సార్?" అన్నాడు. అది వేరు. జీబ్రా చేప గుడ్డులో జెల్లీఫిష్, పగడాల జన్యువులు పెట్టి పుట్టించినది, రంగు పిల్లలకీ వస్తుంది, ఏ చేపనీ పొడవక్కర్లేదు. దాని మీద నాకున్న అనుమానాలు వేరే, ఇక్కడ వద్దు. నేనూ శుద్ధపూసనేం కాదు, మనుషులు సంకరం చేసి పుట్టించిన, నోరు సరిగ్గా మూసుకోలేని ప్యారెట్ చేపని ముద్దుగా ఉందని ఒకప్పుడు కొని పెంచినవాణ్ణే.

ఆయన గొడవ పడలేదు. "కలకత్తా నుంచి బాక్సుల్లో అలాగే వస్తాయి, పిల్లలు అవే అడుగుతారు" అన్నాడు. అడుగుతారు, నిజమే, మా పాపే సాక్ష్యం. మరి పుట్టుకతో వచ్చిందని అబద్ధమెందుకు? "సూదితో రంగు ఎక్కించినవి" అని తొట్టి మీద రాసి పెట్టమనండి, ఎన్ని జతలు పోతాయో చూద్దాం.

రంగు లేనివి ఉన్నాయా అంటే లేవన్నాడు. రెండు కట్టలు వాలిస్నేరియా మొక్కలు తీసుకుని వచ్చేశాం, పాప బస్సెక్కేదాకా మాట్లాడలేదు. రెండు స్టార్లు, అవీ మొక్కలకే.