పెంచలకోన, సోమశిల చుట్టూ సైకిల్ మీద: ఎటు నుంచి తిరగాలి, ఎక్కడ ఆగాలి

నెల్లూరులో బయల్దేరి, నీళ్లూ కొండలూ రెండూ చూసుకుని, వచ్చిన దారినే కాకుండా ఇంకో దారిన ఇంటికి చేరాలి అనుకునేవాళ్లకు నేను చెప్పే రూటు ఇది: పొదలకూరు, రాపూరు, పెంచలకోన, కలువాయి, సోమశిల, ఆత్మకూరు, సంగం, మళ్లీ నెల్లూరు. మొత్తం రెండొందల కిలోమీటర్లు దాటుతుంది. ఘాట్ రోడ్డు ఎక్కే పని ఎక్కడా లేదు, వెలిగొండల పక్కన కాస్త ఎగుడుదిగుడు ఉంటుంది, అంతే. బ్రెవే (గడువు పెట్టి తొక్కే దూరపు సైకిల్ రైడ్) తొక్కేవాళ్లకు 200 కిలోమీటర్లకు ఇచ్చే టైమ్ పదమూడున్నర గంటలు, కాబట్టి వాళ్లు దీన్ని ఒక్క రోజులో ముగించేస్తారు. నేను మాత్రం రెండు రాత్రులు ఆగి తొక్కమంటాను. ఈ దారిలో చూడాల్సినవన్నీ పొద్దున పూటే బాగుంటాయి, ఒక్క రోజులో ఒక్క పొద్దునే దొరుకుతుంది.

సంక్రాంతి వెళ్లాక బయల్దేరడం మేలు. మన జిల్లాలో అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కదా, ఆ తర్వాత రోడ్లు ఆరి ఉంటాయి, వాన బాగా పడిన సంవత్సరమైతే రిజర్వాయర్లలోనూ నీళ్లుంటాయి. మార్చి వచ్చేసరికి కోతలు మొదలై రోడ్డు సగం వడ్లు ఆరబోస్తారు. రాశి చుట్టూ రాళ్లు పేర్చి ఉంటాయి, పట్టా అంచు మీద సన్న టైరు ఎక్కితే జారుతుంది, రైతు కష్టం తొక్కినట్టూ అవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో అసలొద్దు, పడమటి నుంచి వడగాలి కొడుతుంది.

ఎటు నుంచి తిరగాలన్న దాని మీద మా వాళ్లలో రెండు మాటలున్నాయి. ముందు ఆత్మకూరు హైవే ముగించేస్తే కష్టం తీరిపోతుందని కొందరంటారు. నాకది నచ్చదు. పొదలకూరు వైపు నుంచి పోతే కొండలు ఎదురుగా కొంచెం కొంచెంగా పెరుగుతూ వస్తాయి, తూర్పు ఎండ నేరుగా వాటి మీద పడుతుంది కాబట్టి గట్ల మడతలు కూడా విడివిడిగా కనిపిస్తాయి. రెండో రోజు పొద్దున పెంచలకోన నుంచి ఉత్తరానికి తిరిగితే అవే కొండలు ఎడమ చేతి పక్కన వస్తూనే ఉంటాయి. అటు నుంచి ఇటు తిరిగేవాళ్లు రాపూరు చేరేసరికి కొండలు వీపు వెనక్కి పోతాయి.

పొదలకూరులో నిమ్మకాయల మార్కెట్ ఉంది, అక్కడ సోడా నిమ్మకాయ తాగి, సీసాలు నింపుకుని బయల్దేరండి. రాపూరు దారిలో కాస్త పక్కకు తిరిగితే కండలేరు. మట్టికట్ట దాదాపు 11 కిలోమీటర్ల పొడవు, 68 టీఎంసీల రిజర్వాయరు. సోమశిల నీళ్లు కాలువలో ఇక్కడికొచ్చి, ఇక్కడి నుంచి చెన్నై వాళ్ల పూండి రిజర్వాయరుకు పోతాయి, అంటే మనం ఒక చివర నుంచి ఇంకో చివరకు నీళ్లకు ఎదురు తొక్కుతున్నామన్నమాట. కట్ట మీదికి వెళ్లనిస్తారా లేదా అన్నది కాపలా వాళ్ల ఇష్టం, అడిగి వెళ్లండి, వద్దంటే వాదించకండి.

మొదటి రాత్రి పెంచలకోనలోనే. నెల్లూరు నుంచి 80 కిలోమీటర్లు అనుకోండి, కండలేరు పక్కకు తిరిగినందుకు ఇంకాస్త. నరసింహస్వామి గుడి మూడు వైపులా కొండల మధ్య ఉంటుంది, కణ్వ మహర్షి తపస్సు చేసిన చోటని స్థలపురాణం. దేవస్థానం గదులు సాదాగా ఉంటాయి, నాకు అవే నచ్చుతాయి, నడిచే దూరంలో గుడి, పొద్దున తలుపు తీస్తే కొండ. శనివారం మాత్రం రద్దీ, వైశాఖ బ్రహ్మోత్సవాలప్పుడైతే గది మీద ఆశ వదులుకోవాలి. వారం మధ్యలో వెళ్లండి. చుట్టూ అభయారణ్యం, కాబట్టి చీకటి పడకముందే చేరిపోవాలి, లైట్లు ఎంత మంచివైనా సరే.

కలువాయి మీదుగా సోమశిల దారి నాకు ఈ చుట్టు మొత్తంలో ఎక్కువ ఇష్టం. బండ్లు తక్కువ, పశువుల మందలు ఎక్కువ. డ్యాం నుంచి నీళ్లు వదిలే రోజులైతే పెన్న ఎక్కడ దాటాలో కలువాయిలోనే అడగండి. వెలిగొండల్ని చీల్చుకుని పెన్న బయటికొచ్చే సందులో కట్టారు సోమశిలను, 78 టీఎంసీలు. అందుకే ఇక్కడ కొండా నీళ్లూ వేరువేరుగా కాదు, ఒకే చూపులో దొరుకుతాయి. ఎక్కువసేపు కూర్చోవాల్సిన చోటు ఇదే.

అయినా రాత్రికి సోమశిలలో ఆగాలని పెట్టుకోకండి. ఆత్మకూరులో లాడ్జిలున్నాయి, తిండికి ఇబ్బంది లేదు. ఒక లాడ్జిలో సైకిల్ గదిలోకి వద్దన్నారు, "బయట పెట్టుకోండి సార్, ఎవరూ ముట్టుకోరు" అని ఒకటే మాట. టైర్లు తుడిచి చూపించినా ఒప్పుకోలేదు, వేరేది వెతుక్కోవాల్సి వచ్చింది. అడ్వాన్సు ఇచ్చే ముందే ఈ మాట తేల్చుకోండి. కొండ ఇంకా కావాలనుకునేవాళ్లు ఇక్కడి నుంచి ఉదయగిరి కలుపుకోవచ్చు, కృష్ణదేవరాయలు 1514లో గెలిచిన దుర్గం అది, కానీ దానికి ఇంకో రోజు పడుతుంది.

రిపేరు సంగతి. దారి పొడవునా పంక్చరు షాపులున్నాయి, కానీ రోడ్డు సైకిళ్లకు వేసే 700 సైజు ట్యూబులు దొరకవు, మీవే రెండు తీసుకెళ్లండి. ఇంకో చిక్కు ప్రెస్టా వాల్వు, అంటే ఆ ట్యూబులకుండే సన్న మూతి వాల్వు. షాపులో గాలి గొట్టం దానికి పట్టదు, "ఏంది అన్నా ఇంత సన్నంగా ఉంది" అని తిప్పి తిప్పి చూస్తారు. వేలి గోరంత ఇత్తడి అడాప్టరు ఒకటి ఉంటే వాల్వు తల విప్పి, దాన్ని బిగించి, బైకుకు కొట్టినట్టే కొట్టించుకోవచ్చు. రోడ్డు పక్క సర్కారు తుమ్మ కొట్టేసిన చోట్ల ముళ్లు తారు మీదికి వస్తాయి, అంచు వదిలి కాస్త లోపలికి తొక్కండి. ఒళ్లు మొరాయిస్తే రాపూరులోనూ ఆత్మకూరులోనూ ఆర్టీసీ డిపోలున్నాయి, సైకిల్ ఎక్కించుకోవడం కండక్టరు దయ.

చివరి రోజు తెల్లవారకముందే లేవాలి. ఆత్మకూరు నుంచి నెల్లూరు వైపు అంతా తూర్పుముఖం, పగలు గడిచేకొద్దీ సముద్రపు గాలి ఎదురు కొడుతుంది, పైగా కృష్ణపట్నం పోర్టు లారీలు. సంగం దగ్గర మాత్రం తప్పకుండా ఆగండి, 2022 సెప్టెంబరులో ప్రారంభమైన బ్యారేజీ మీద నిలబడితే పెన్న ఇటునుంచి అటు నిండుగా కనిపిస్తుంది. బుచ్చి (బుచ్చిరెడ్డిపాలెం) దాటాక హైవే వదిలేసి జొన్నవాడ వైపు తిరగండి, కామాక్షమ్మ గుడి దగ్గర టీ తాగి మెల్లగా ఊళ్లోకి వచ్చేయొచ్చు.