డీ ఆంజా కాలేజీ: ఫీజు తక్కువ, పరుగు ఎక్కువ

కాలిఫోర్నియాలోని కూపర్టినోలో 1967లో మొదలైన ప్రభుత్వ కమ్యూనిటీ కాలేజీ ఇది. సన్నీవేల్, శాన్ హోసే చుట్టుపక్కల మన ఇళ్లలో, కోరుకున్న యూనివర్సిటీలో సీటు రాకపోతేనే పిల్లల్ని డీ ఆంజాకి పంపడం, అదీ కాస్త చిన్నతనంగా అనుకోవడం చూస్తూంటాం. అలా అనుకోనక్కర్లేదు. ఇంజనీరింగుకైనా కంప్యూటర్ సైన్సుకైనా మొదటి రెండేళ్లలో కావలసిన లెక్కలు, ఫిజిక్సు, ప్రోగ్రామింగ్ అన్నీ ఇక్కడ దొరుకుతాయి. కాకపోతే ఏ యూనివర్సిటీ, ఏ మేజర్ (ప్రధానంగా చదివే సబ్జెక్టు) అన్నది ముందే తేల్చుకుని అక్కణ్నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ వచ్చేవాళ్లకే దీని పూర్తి ఫలం.

ఫీజు సంగతి చూస్తే, కాలిఫోర్నియా నివాసులకి యూనిట్‌కి (కోర్సుల బరువు కొలిచే లెక్క ఇది) 31 డాలర్లు. ట్రాన్స్‌ఫర్‌కి, అంటే ఇక్కడ రెండేళ్లు చదివి యూనివర్సిటీకి మారడానికి, కావలసిన 90 యూనిట్లకీ కలిపి 2,790. పైన చిన్నాచితకా ఫీజులు, పుస్తకాలు ఉంటాయి. నివాసులు కానివాళ్లకి ఇది ఎన్నో రెట్లు.

చాలామంది దెబ్బతినేది క్వార్టర్ పద్ధతి దగ్గర. ఒక్కో క్వార్టర్ 12 వారాలు, అందులో చివరి వారం పరీక్షలకే పోతుంది. నాలుగైదు వారాలు తిరిగేసరికి మొదటి మిడ్‌టర్మ్ వచ్చి కూర్చుంటుంది. కాలిక్యులస్ మ్యాథ్ 1ఏ నుంచి 1డీ దాకా నాలుగు భాగాలు, ఒక్కోటి 5 యూనిట్లు, ఒకటి పాసైతేనే తర్వాతిది. ప్రోగ్రామింగ్‌లో సీఐఎస్ 22ఏ, 22బీ, 22సీ కూడా అంతే. సెప్టెంబరు చివర్లో చేరి రెండేళ్లలో వెళ్లిపోదామనుకుంటే, వేసవి క్వార్టర్లు తీసేస్తే చేతిలో ఉండేవి ఆరే. కాలిక్యులస్ అయ్యాక లీనియర్ ఆల్జీబ్రా కూడా కావాలి. మధ్యలో ఒక్కటి తప్పినా తర్వాతవన్నీ ఆలస్యమవుతాయి, యూసీలేమో (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లు) ఎక్కువగా ఫాల్‌లోనే ట్రాన్స్‌ఫర్లని తీసుకుంటాయి.

ఇంకో మెలిక. సీ గ్రేడు వచ్చిన కోర్సుని మళ్లీ తీసుకోనివ్వరు. డీ, ఎఫ్ లాంటివి వస్తేనే ఆ అవకాశం. గట్టి పోటీ ఉన్న మేజర్ కావాలనుకునేవాళ్లకి సీ శాశ్వతంగా ఉండిపోతుంది కాబట్టి, కోర్సు చెయ్యి దాటుతోందనిపిస్తే గడువులోపు డబ్ల్యూతో (మధ్యలో మానేసినట్టు పడే గుర్తు) డ్రాప్ అవడం మేలు. అది జీపీఏలోకి రాదు. కాలిక్యులస్ ఇక్కడ సగం, మిషన్ కాలేజీలోనో వెస్ట్ వ్యాలీలోనో సగం చేద్దామనుకోవద్దు. అవి సెమిస్టర్ కాలేజీలు, అక్కడ భాగాల విభజన వేరు, మధ్యలో ఒక అధ్యాయం జారిపోతుంది. మారక తప్పకపోతే డీ ఆంజా ఉన్న కాలేజీ డిస్ట్రిక్ట్‌లోనిదే అయిన ఫుట్‌హిల్ కాలేజీ నయం, అక్కడా క్వార్టర్లే.

ట్రాన్స్‌ఫర్ కోసం చేరేవాళ్లకి ఇక్కడ అసలు ఆకర్షణ ట్యాగ్, అంటే ముందే దొరికే సీటు హామీ. యూసీల్లో డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్ ఇస్తాయి; బర్క్‌లీ, యూసీఎల్‌ఏ, శాన్ డియాగో ఇవ్వవు. ఆరింట్లో ఒక్కదానికే పెట్టుకోవాలి, సెప్టెంబరు 1 నుంచి 30 లోపు. మేజర్ని బట్టి మినహాయింపులుంటాయి: శాంటా బార్బరాలో ఇంజనీరింగ్ కాలేజీకి ఈ హామీ వర్తించదు. ట్యాగ్ పెట్టేశాం కదా అని మామూలు యూసీ దరఖాస్తు మర్చిపోతే హామీ కూడా పోతుంది. ఏ కోర్సు ఎక్కడ చెల్లుతుందో అసిస్ట్ డాట్ ఆర్గ్‌లో కాలేజీ, యూనివర్సిటీ, మేజర్ మూడూ ఎంచుకుని చూడాలి. స్నేహితుడి కోర్సుల జాబితా పనికిరాదు, మేజర్ మారితే జాబితా మారుతుంది. కౌన్సెలర్ దగ్గరికి ఆ ప్రింటు పట్టుకెళ్తే అరగంటలో పని తెములుతుంది. ఉత్తి చేతులతో వెళ్తే ఆ అరగంటా పరిచయాలకే సరిపోతుంది.

హెచ్4 (హెచ్1బీ ఉద్యోగుల భార్యాభర్తలకీ పిల్లలకీ ఇచ్చే వీసా) మీద ఉన్నవాళ్లు కాలిఫోర్నియాలో ఏడాది పైన ఒక రోజు నివాసం, ఇక్కడే స్థిరపడే ఉద్దేశం చూపగలిగితే నివాసుల ఫీజే కట్టొచ్చు. డ్రైవింగ్ లైసెన్సు, రాష్ట్ర పన్ను రిటర్ను లాంటివి సిద్ధంగా ఉంచుకోవాలి. అకౌంటింగో, ప్రోగ్రామింగో మళ్లీ మొదలుపెట్టాలనుకునే గృహిణులకి ఇంత చవగ్గా మంచి చదువు దొరకడం కష్టం. పిల్లల విషయంలో మాత్రం జాగ్రత్త: 21 ఏళ్లు నిండి హెచ్4 పోయి ఎఫ్1కి (విద్యార్థి వీసా) మారితే ఫీజు కూడా బయటివాళ్లదే అవుతుంది. గ్రీన్ కార్డు వరసలో ఉన్న కుటుంబాలు చేరేముందే పుట్టినరోజు లెక్క చూసుకోవాలి.

హైస్కూల్లో ఉండగానే ఇక్కడ క్లాసులు తీసుకునే పిల్లలకి యూనిట్ల ఫీజు లేదు. కానీ ఆ గ్రేడు కాలేజీ ట్రాన్స్‌క్రిప్టులో ఎప్పటికీ ఉంటుంది. పదో తరగతి పిల్లాడి చేత వేసవిలో, సగం వారాల్లో చుట్టేసే కాలిక్యులస్ చేయించడం తొందరపాటు.

మంచి ప్రొఫెసర్ల క్లాసులు రిజిస్ట్రేషన్ తెరిచిన గంటల్లోనే నిండిపోతాయి. వెయిట్‌లిస్టులో మొదటి ఐదారు స్థానాల్లో ఉంటే వదులుకోవద్దు. మొదటి క్లాసుకి తప్పకుండా వెళ్లండి. ఆరోజు రానివాళ్ల సీట్లకి యాడ్ కోడ్, అంటే క్లాసులో చేరడానికి వాడే కోడ్, ఇచ్చేది ప్రొఫెసరే. కోడ్ వచ్చాక దాన్ని సిస్టమ్‌లో ఎక్కించకపోతే మీరు క్లాసులో లేనట్టే లెక్క.