జపాన్ దెయ్యాల కొంప: 'హౌస్' మేలా, 'జు-ఆన్' మేలా?

జపాన్ దెయ్యాల కొంప సినిమా ఒక్కటే చూసే తీరిక ఉంటే ఏది చూడాలి? భయమే కావాలంటే తకాషి షిమిజు తీసిన 'జు-ఆన్' పెట్టుకోండి. నన్నడిగితే మాత్రం 1977లో నొబుహికో ఒబాయాషి తీసిన 'హౌస్' ముందు చూడమంటాను.

'జు-ఆన్' 2002 నాటిది. టోక్యోలో ఒక మామూలు ఇల్లు. భర్త చేతిలో చనిపోయిన కయాకో కోపం ఆ ఇంటిని పట్టుకుని ఉంటుంది. గడప తొక్కినవాళ్లు ఎక్కడికి పోయినా వెంట వస్తుంది. కథ వరసగా నడవదు, ఒక్కో మనిషి పేరుతో ఒక్కో ముక్క. దుప్పటి ముసుగు పెడితే దెయ్యం ఏమీ చేయదని చిన్నప్పుడు నమ్మేవాళ్లం కదా, సరిగ్గా ఆ దుప్పటి కిందికే కయాకో వస్తుంది. ఆ గొంతు గరగర విన్నాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

'హౌస్'లో అంత టెన్షన్ ఉండదు. వేసవి సెలవులకు ఏడుగురు అమ్మాయిలు, వాళ్లలో ఒకమ్మాయి తల్లి తోబుట్టువు ఇంటికి వెళతారు. ఆ ఇల్లు ఒక్కొక్కరినీ మింగుతుంది. మెలొడీ అనే అమ్మాయిని పియానో తినేస్తుంది. బావిలో చల్లబడుతున్న పుచ్చకాయ కోసం తాడు లాగితే స్నేహితురాలి తల పైకొస్తుంది. ఆకాశం నిజంది కాదు, గీసిన బొమ్మ అని చూడగానే తెలిసిపోతుంది, అలా తెలియాలనే తీశారు. హాలీవుడ్ సొరచేప సినిమా 'జాస్' లాంటిది కావాలని తోహో అనే సినిమా సంస్థ అడిగితే, అప్పటిదాకా అడ్వర్టైజ్‌మెంట్లు తీసిన ఒబాయాషి వెళ్లి చిన్నపిల్లయిన తన కూతురు చిగుమిని అడిగాడు. అద్దం, పియానో, బావి ఆ పిల్ల భయాలే. పీడకలలో దేనికీ కారణం ఉండదు, ఈ సినిమాలోనూ అంతే.

నచ్చనిది కూడా ఉంది. అమ్మాయిలను నగ్నంగా చూపిన చోట్లు నాకు ఇబ్బందిగా అనిపించాయి. ఇంట్లో పిల్లలతో కూర్చుని చూసేది కాదు.

అయినా ఇదే ముందు ఎందుకంటే, ఆ ఇంటావిడ వల్ల. పెళ్లాడతానన్నవాడు యుద్ధానికి వెళ్లి తిరిగి రాలేదు. ఆమె ఎదురుచూస్తూనే పోయింది, పోయాక కూడా ఎదురుచూస్తోంది, పెళ్లికాని పిల్లలను తింటోంది. ఒబాయాషిది హిరోషిమా జిల్లాలోని ఒనోమిచి, అణుబాంబు ఆయన స్నేహితులను తీసుకుపోయింది. సినిమాలో ఆమె పాత కథ మూకీ చిత్రంలా నడుస్తూ ఉండగా బాంబు పొగ మేఘం కనిపిస్తుంది. యుద్ధం ఎరగని ఆ పిల్లల్లో ఒకరు దాన్ని చూసి పీచుమిఠాయిలా ఉందంటుంది. మొదటిసారి ఆ మాట నా చెవిన పడకుండా పోయింది. రెండోసారి విన్నాక, ఆవిడ మీద భయం పోయి జాలి మిగిలింది. కయాకో మీద నాకు ఇప్పటికీ భయమే.