ఒంటారియో ఓహిప్ కార్డు: ఐదుకి నాలుగు స్టార్లు

మా బాబు అమెరికాలోని కాలిఫోర్నియాలో పుట్టాడు, పాప ఇక్కడ కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో. రెండూ సిజేరియన్లే. అక్కడ ఆఫీసు ఇన్సూరెన్స్ ఉంది కదా అని ధీమాగా వెళ్తే, ఇంటికొచ్చాక రెండు నెలల పాటు బిల్లులు వస్తూనే ఉన్నాయి. ఆసుపత్రిది ఒకటి, మత్తు ఇచ్చిన డాక్టరుది ఒకటి, ల్యాబుది వేరేగా. పచ్చి బాలింతని, పిల్లాణ్ణి ఒళ్లో వేసుకుని ఇన్సూరెన్స్ వాళ్లతో ఫోన్లో గంటలు గంటలు వాదించాను. ఇక్కడ ఓహిప్ అనే ఒంటారియో ప్రభుత్వ ఆరోగ్య బీమా ఆకుపచ్చ కార్డు చూపించాను, అంతే. మేం కట్టింది పార్కింగ్‌కి, విడి గది కావాలన్నందుకు.

ఆరోగ్యశ్రీ తెలిసినవాళ్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది. ఆసుపత్రి ఎవరిదైనా డబ్బు ప్రభుత్వం కడుతుంది, కాకపోతే ఇక్కడ రేషన్ కార్డు అడగరు, ఉన్నవాడికీ లేనివాడికీ ఒకటే కార్డు. డాక్టర్లలో చాలామంది సొంత క్లినిక్కులవాళ్లే, బిల్లు మాత్రం రాష్ట్రానికి పంపుతారు. దానిమీద మన దగ్గర అదనంగా వసూలు చేయకుండా 1984 నాటి కెనడా హెల్త్ యాక్ట్ అడ్డుకుంటుంది. మేం 2019లో వచ్చినప్పుడు కార్డుకి మూడు నెలలు ఆగాం, 2020లో ఆ గడువు తీసేశారు.

ఇక ఇబ్బందులు. ఫ్యామిలీ డాక్టరు దొరకడానికి మాకు ఏడాది దాటింది. పాపకి జ్వరం వచ్చి ఎమర్జెన్సీకి తీసుకెళ్తే ఏడు గంటలు కూర్చోబెట్టారు, ఆ రాత్రి టెన్షన్ నేను మర్చిపోలేను. పెద్దవాళ్లకి పళ్లు, కళ్లద్దాలు, బయట కొనుక్కునే మందులు మామూలుగా ఇందులో రావు, ఆఫీసు ఇన్సూరెన్స్ లేకపోతే చాలావరకు చేతి డబ్బే. ఒక స్టారు తగ్గించింది అందుకే. అమ్మానాన్నల్ని సూపర్ వీసా (తల్లిదండ్రులు ఎక్కువకాలం ఉండటానికిచ్చే విజిటర్ వీసా) మీద పిలిపించేవాళ్లు కూడా గుర్తుపెట్టుకోండి, ఈ కార్డు వాళ్లకి రాదు, కనీసం లక్ష డాలర్ల ప్రైవేటు ఇన్సూరెన్స్ విడిగా తీసుకోవాలి.

అయినా నాలుగు ఎందుకిచ్చానంటే, 2023లో మా ఆయన ఉద్యోగం పోయింది. నాలుగు నెలలు ఖాళీ. అదే కాలిఫోర్నియాలో అయితే ఉద్యోగంతో పాటు ఇన్సూరెన్స్ కూడా పోయి, పిల్లలు దగ్గినా భయపడేవాళ్లం. ఇక్కడ కార్డు కార్డులాగే పనిచేసింది, ఎవరూ ఏమీ అడగలేదు.

అమెరికాలో ఏదో ఒక రాష్ట్రం ఇలా అందరికీ ప్రభుత్వమే డబ్బు కట్టే పద్ధతి మొదలుపెట్టాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. కెనడాలోనూ దేశమంతా ఒకేసారి రాలేదు. 1962లో సస్కాచెవాన్ అనే ఒక్క రాష్ట్రం మొదలుపెడితే అక్కడి డాక్టర్లు 23 రోజులు సమ్మె చేశారు, అయినా నిలబడింది, పదేళ్లలో మిగతా రాష్ట్రాలన్నీ అదే దారి పట్టాయి. అమెరికాలో వెర్మాంట్ 2011లో చట్టం చేసింది కానీ పన్నులు మరీ పెంచాల్సి వస్తుందని 2014 డిసెంబరులో గవర్నర్ షమ్లిన్ వదిలేశారు. కాలిఫోర్నియాలో ఇలాంటిదే ఏబీ 1400 అనే బిల్లు 2022 జనవరిలో అసెంబ్లీ సభలో ఓటింగ్ దాకా కూడా రాలేదు. మెడికేర్ (పెద్ద వయసువాళ్ల ప్రభుత్వ ఇన్సూరెన్స్), మెడికెయిడ్ (పేదవాళ్లది) డబ్బులో ఎక్కువ భాగం వాషింగ్టన్‌లోని కేంద్ర ప్రభుత్వం చేతిలో ఉంటుంది కాబట్టి అక్కడ పని ఇంకా కష్టం, ఒప్పుకుంటాను. పన్నులు పెరగడమూ నిజమే. కానీ ఇప్పుడు ప్రతి నెలా జీతంలో కోసే ప్రీమియం, ఆపైన డిడక్టిబుల్ (ఇన్సూరెన్స్ కట్టడం మొదలయ్యేలోపు మనం పెట్టుకునేది), ఆపైన కోపే (ప్రతిసారీ మన వాటా), అవన్నీ ఒక కాగితం మీద కూడి ఆ పన్ను పక్కన పెట్టి చూడండి. కాలిఫోర్నియాలో ఓటున్న మనవాళ్లు, మళ్లీ ఇలాంటి బిల్లు వచ్చినప్పుడు మీ అసెంబ్లీ మెంబరు ఆఫీసుకి దయచేసి ఒక్క ఫోన్ చేయండి.