ఒంగోలులో ఆడపిల్లల ఆత్మరక్షణ శిబిరం: మా అనుభవం

తొమ్మిదో తరగతికి వచ్చిన మా అమ్మాయిని ఈ వేసవి సెలవుల్లో ఒక ఆత్మరక్షణ శిబిరంలో చేర్పించాను. పది రోజులు, ఉదయం ఆరు నుంచి ఏడున్నర దాకా, రుసుము 1,200 రూపాయలు. కర్నూలు రోడ్డు వైపు ఒక మేడ మీద జరిగింది. నేను స్టాఫ్ నర్సుని. ఆ పది రోజులూ మధ్యాహ్నం డ్యూటీ కావడంతో రోజూ వెంట వెళ్లి, మెట్ల దగ్గర కూర్చుని చూశాను.

సాధన చేయించిన మేడమ్ గురించి ముందు చెప్పాలి. ఎంత ఓపికో! ఎవరైనా మణికట్టు పట్టుకుంటే ఊరికే వెనక్కి గుంజుకోకూడదని, వాడి బొటనవేలు మిగతా వేళ్లను కలిసే చోటే పట్టు బలహీనంగా ఉంటుందని, చేతిని అటు తిప్పి లాగాలని ఒక్కొక్కరి చెయ్యి పట్టుకుని చూపించారు. ‘వదులు’ అని అరవడం కూడా నేర్పారు. మొదటి రోజు ఒక్క పిల్లకూ గొంతు పెగల్లేదు. మూడో రోజుకు ఎదురింటి వాళ్లు బాల్కనీలోకి వచ్చి చూశారు. నాలుగో రోజు ఇంట్లో మా అమ్మాయి నా పట్టు విడిపించుకుంటే నాకు కళ్లు చెమర్చాయి.

ఆరో రోజు నిర్వాహకుడు సాధన ఆపించి, ‘జాగ్రత్తలు’ అని గంటసేపు మాట్లాడారు. చున్నీ సరిగ్గా వేసుకోవాలి, చీకటి పడ్డాక బయట తిరగకూడదు, నలుగురిలో గట్టిగా నవ్వకూడదు. “మనం అవకాశం ఇవ్వకపోతే ఎవరూ ఏమీ చెయ్యరు” అన్నారు. వెనక వరసలోంచి ఒక పాప లేచి, “తెలిసినవాళ్లే అయితే, సర్?” అని అడిగింది. “తెలిసినవాళ్లయినా ఒంటరిగా ఎందుకు వెళ్లాలి?” అన్నారాయన. పాప కూర్చుంది. గంట అయ్యేదాకా చున్నీ అంచును వేలికి చుడుతూ, విప్పుతూ, మళ్లీ చుడుతూనే ఉంది. వేలి కొస తెల్లబడింది. మర్నాడు రాలేదు.

దేశంలో నమోదయ్యే అత్యాచారం కేసుల్లో పదింట తొమ్మిదికి పైగా నిందితులు తెలిసినవారేనని జాతీయ నేర గణాంకాలు ఏటా చెబుతున్నాయి. ఆ పాప అడిగింది సరిగ్గా ఆ తొమ్మిది గురించే. “అక్కడికి ఎందుకు వెళ్లావు?” అన్న మాట నా ఉద్యోగంలో ఎన్నిసార్లు విన్నానో! ఒంటి మీద గాయాలు తుడుస్తుండగానే సొంతవాళ్లు అడుగుతారు. అప్పటిదాకా మాట్లాడుతున్న పిల్ల ఇక నోరు విప్పదు. మా వైద్య రంగమూ ఈ తప్పుకు అతీతం కాదు. అత్యాచార బాధితురాలికి అంతకుముందు లైంగిక అనుభవం ఉందా అని చూసే రెండు వేళ్ల పరీక్ష చేస్తే దుష్ప్రవర్తనగా పరిగణిస్తామని 2022లో కూడా సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

నిర్వాహకుడితో మాట్లాడాను. “జాగ్రత్త చెప్పడం కూడా తప్పేనా అమ్మా?” అన్నారు. ఆయన చెడ్డవారు కాదు, అందుకే కూర్చోబెట్టి వివరించాను. అదే గంటలో చెప్పాల్సినవి ఎన్ని ఉన్నాయి! పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పిల్లల వాంగ్మూలం ఇంటి దగ్గరే తీసుకోవచ్చు, వచ్చే పోలీసు అధికారి యూనిఫాంలో ఉండకూడదు, రాత్రిపూట పిల్లల్ని స్టేషన్‌లో ఉంచకూడదు. ఆడపిల్లను మహిళా డాక్టరే పరీక్షించాలి. ప్రైవేటు ఆసుపత్రి అయినా సరే, వెంటనే ఉచితంగా వైద్యం చెయ్యాలి. సాయం కోసం ఫోన్ చెయ్యాల్సిన నంబర్లు పిల్లలకు 1098, మహిళలకు 181. ఆయన ఇవన్నీ రాసుకున్నారు, తర్వాతి శిబిరంలో చెబుతామన్నారు. ఆ పాప ఇంటికి ఫోన్ చేశారా అని అడిగితే లేదన్నారు. పదో రోజు మళ్లీ అడిగాను. అప్పటికీ చెయ్యలేదు.

సాధన కోసమైతే మీ పిల్లల్ని తప్పకుండా చేర్పించండి. ఆ మేడమ్ ఉన్నారో లేదో ముందే కనుక్కోండి. నీళ్ల సీసా, పరుచుకోవడానికి ఒక పట్టా ఇచ్చి పంపండి, ఏడింటికే మేడ కాలిపోతుంది. జాగ్రత్తల గంట ఏ రోజో అడిగి, ఆ రోజు మీరూ వెళ్లి పిల్లల పక్కన కూర్చోండి.